కింద పడుకుని చూసినవాడిదే బండి

పాత బొలెరో ఇంటికొచ్చిన వారంలో యజమాని మొదటి ఖర్చు దేనిమీద పెడతాడో చూడండి. ఆ మనిషి తత్వం చాలావరకు అక్కడే బయటపడుతుంది. ముందు ఇనుప బంపరు, పైన ఎల్‌ఈడీ పట్టీ, వెనక అద్దానికి పెద్ద స్టిక్కరు... ఇలా మొదలుపెట్టినవాడు ఎదుటివాళ్ల కళ్ల కోసం ఖర్చు పెడుతున్నాడు. టైరు మీది తేదీ చదివి, బ్రేకులు విప్పించి, డిఫరెన్షియల్ హౌసింగ్‌లో ఆయిల్ మార్పించినవాడు దారి కోసం ఖర్చు పెడుతున్నాడు. ఇద్దరికీ అయ్యేది అదే ముప్ఫై నలభై వేలు. వానపడ్డ రాత్రి పొలం నుంచి ఇంటికి చేరేది మాత్రం రెండోవాడే.

మీరు ఆ రెండోవాడు కావాలన్నదే నా కోరిక.

ఉమ్మడి చిత్తూరు జిల్లా సోమల మండలంలో ఉండేవాళ్లకు ఆఫ్‌రోడ్ అనేది ఆదివారం సరదా మాత్రమే కాదు. తారు రోడ్డు ఊరి దగ్గర అయిపోతుంది. అక్కణ్నుంచి టమోటా తోటకో మామిడి తోపుకో పోవాలంటే ఎర్రమట్టి బాటే గతి. నడుమ బండలు, గుట్ట వాలు, అడ్డంగా ఒక వంక. కోత మొదలైతే మదనపల్లె మండీకి సరుకు వేళకు చేరాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పట్టాయంటే నిన్న బాగున్న బాట ఇవాళ మోకాలి లోతు గాడి అవుతుంది. 2021 నవంబరు వానలకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రోడ్లు, వంతెనలు ఎలా తెగిపోయాయో ఇక్కడివాళ్లకు గుర్తుంది. ఇలాంటి చోట పాత ఎస్‌యూవీ కొనడం దుబారా కాదు. కొన్న తర్వాత దాన్ని ఏ వరసలో తయారుచేసుకుంటామన్న దగ్గరే వివేకం కావాలి.

వరస డబ్బు లెక్కతో మొదలవుతుంది. చేతిలో నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల బండి చూడకండి. మూడు లక్షల ఇరవై వేల దగ్గర ఆగండి. అయిదో వంతు పక్కన పెట్టలేనివాడు పాత బండి జోలికి పోకపోవడమే మేలు. ఆ ఎనభై వేలే మీ బండిని బండిగా నిలబెడతాయి. అమ్మేవాడు "ఇంకో ఇరవై వేలేస్తే టాప్ మోడల్ వస్తుంది" అంటాడు. అప్పుడు లేచి టీ తాగడానికి బయటికి రండి. ఆశ చల్లారేదాకా బేరం మాట్లాడకపోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకు ఇంకో ఆకర్షణ ఉంది. ముళబాగిలు, కోలారు దాటితే బెంగళూరు. అక్కడ పాత బండ్ల సంత పెద్దది, ధర కొంచెం తక్కువ. కానీ కర్ణాటక నంబరు బండిని మన దగ్గర 12 నెలలకు మించి ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. దానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30. ఫైనాన్స్ తీరిన బండైతే ఫారం 35. ప్రైవేటు బండి ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2011 మోడల్ చవగ్గా వస్తోందంటే అందుకు ఇదీ ఒక కారణమే. ఈ కాగితాల ఖర్చంతా కలిపి చూస్తే బెంగళూరు బండికీ మదనపల్లె బండికీ తేడా చాలాసార్లు మిగలదు. లెక్క కాగితం మీద వేసి చూడండి, మనసులో వేసిన లెక్క ఎప్పుడూ మనకు అనుకూలంగానే వస్తుంది.

ఇక షెడ్డుకు పోదాం. పుంగనూరులో ఒకచోట నేను చూసిన సంగతి ఇది. ఒక కుర్రాడు పాత స్కార్పియో తెచ్చి నిలబెట్టాడు.

"అన్నా, లిఫ్ట్ కిట్ వేస్తే ఎంతవతాది?"

మేస్త్రీ జవాబు చెప్పలేదు. బండి పక్కన గోనెసంచి పరిచాడు. "నువ్వే కిందికి దూరు సామీ" అని టార్చి లైటు చేతికిచ్చాడు. కుర్రాడు తెల్లచొక్కాతోనే దూరాడు.

"ఏం కనిపిస్తా ఉండాది?"

"వెనక షాక్ మీద తడి ఉండాదన్నా."

"ఇంకా?"

"ముందు వైపు రబ్బరు బుష్ చీలిపోయుండాది."

"ఇప్పుడు చెప్పు. ఎత్తు పెంచల్లా, దీన్ని మార్చల్లా?"

ఆ కుర్రాడు బయటికొచ్చేసరికి అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. మనిషిలో మార్పు వచ్చేది ఇలాగే. ఎవరో ఉపన్యాసం చెబితే రాదు, తన కంటితో తాను చూసుకున్నప్పుడు వస్తుంది. అందుకే బండి కొనేముందూ కొన్న తర్వాతా కింద పడుకుని చూడటం అలవాటు చేసుకోండి. ఛాసిస్ పట్టాల మీద తుప్పు పొరలుగా లేస్తోందా, ఎక్కడైనా కొత్త వెల్డింగు గీత కనిపిస్తోందా, వెనక కమాన్ కట్టల్లో ఒక ఆకు విరిగిందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ చేత్తో తిప్పితే క్రాస్ దగ్గర లూజు ఆడుతోందా, గేరుబాక్సు కింద ఆయిల్ చుక్క వేలాడుతోందా చూడాలి. ఇవి చదవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. సిగ్గు పడకుండా అడిగే నోరు, మురికికి వెనకాడని ఒళ్లు చాలు.

ఆ ఎనభై వేలలో సగం దాకా పైకి కనిపించని పనులకే పోవాలి. ఇంజన్, గేరుబాక్సు, వెనక డిఫరెన్షియల్, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు డిఫరెన్షియల్ ఆయిళ్లు కూడా మార్చండి. పాతవాడు ఎప్పుడు మార్చాడో వాడి మాట మీద ఆధారపడొద్దు. రేడియేటర్ శుభ్రం చేయించి కూలంట్ పోయండి. రాళ్ల బాటలో మొదటి గేరులో గంటసేపు నడిచే బండికి ఎదురుగాలి ఉండదు, వేడి తట్టుకోవాల్సింది రేడియేటరూ ఫ్యానూ మాత్రమే. పాత రబ్బరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మార్చి, తీసినవి బాగుంటే స్టెప్నీ పక్కన దాచండి. బ్రేకు లైనర్లు, చక్రాల బేరింగులు, బ్యాటరీ బిగింపు చూడండి. అరిగిన షాక్‌లు, బుష్‌లు మార్చగానే చాలామంది "ఇది మన బండేనా" అంటారు. లిఫ్ట్ కిట్ ఇవ్వలేని నిలకడ అక్కడ దొరుకుతుంది. ఈ పనికి చప్పట్లు రావు. చప్పట్లు రాని పనిని శ్రద్ధగా చేయగలిగినవాడికి మిగతా పనులు వాటంతట అవే తేలికవుతాయి.

ఆ తర్వాతే అదనంగా చేర్చేవి. అందులో మొదటి స్థానం టైర్లదే, రెండో స్థానం దానికి చాలా దూరంలో ఉంటుంది.

బండి మొత్తంలో నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగానే ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి బండమీద జారుతుంది. మార్చేటప్పుడు ఆల్ టెర్రైన్ రకం తీసుకోండి. ఇక్కడి రాళ్లకు పక్కగోడ బలంగా ఉండటం ముఖ్యం. పూర్తి మడ్ టెర్రైన్ టైర్లు చూడటానికి దర్జాగా ఉంటాయి గానీ, మీ బండి నెలలో ఎక్కువ రోజులు తిరిగేది మదనపల్లె తారు రోడ్డు మీదే. అక్కడ అవి మోత పెడతాయి, త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెంచుతాయి. సైజు కూడా కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన సైజుల్లోనే ఉండనివ్వండి. బొలెరోకు 215/75 ఆర్15 అంటే అదే. మరీ పెద్దవి వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, గేర్లు బరువవుతాయి, బ్రేకులు అలిసిపోతాయి, మలుపులో ఫెండర్‌కు రాసుకుంటాయి. నాలుగు మంచి టైర్లకు ముప్ఫై వేల చిల్లర పెట్టాల్సి రావచ్చు. మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా పెట్టండి. అంత ఒకేసారి కుదరకపోతే ముందు రెండు కొని వెనక ఇరుసుకు వేయండి, మిగతా రెండు తర్వాతి పంటకు.

టైర్ల కన్నా చవకైనది, వాటికి సగం బలాన్నిచ్చేది ఇంకొకటుంది: గాలి తగ్గించడం. రోడ్డు మీద 30 పైచిలుకు పీఎస్ఐ ఉండే టైరును మెత్తటి ఇసుకలోనో బురదలోనో 20 దగ్గరికి దించితే రబ్బరు నిలువునా సాగి నేలను ఎక్కువగా పట్టుకుంటుంది. బండి కూరుకుపోకుండా తేలుతుంది. ఎత్తుపల్లాల కుదుపు కూడా తగ్గుతుంది. 15 కంటే కిందికి పోతే టైరు రిమ్మునుంచి జారే ప్రమాదముంది. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి, తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి చీలుతుంది. అందుకోసం బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి, మంచి గేజి ఒకటి కొనండి. రెండూ కలిపి నాలుగు వేల లోపే దొరుకుతాయి. ఇసుకలో ఇరుక్కున్నప్పుడు ఇంకా యాక్సిలరేటర్ తొక్కాలనిపిస్తుంది. తొక్కితే ఇరుసు దాకా దిగబడుతుంది. దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి, ఓపిగ్గా గాలి తీసేవాడు పది నిమిషాల్లో బయటపడతాడు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒత్తిడి తగ్గించుకోవడమనే పాఠం ఇంత నేరుగా నేర్పే చోటు నేనింకొకటి చూడలేదు.

మూడోది పొట్టకు రక్ష. ఇంజన్ కింద ఆయిల్ చాంబరుకు రాయి తగిలి పగిలితే అక్కడికక్కడ పయనం ముగుస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఇనుప రేకుతో సంప్ గార్డు చేసిపెట్టే వెల్డింగ్ షాపు ఏ టౌన్‌లోనైనా ఉంటుంది. చేయించేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పండి. ఆయిల్ తీసే బోల్టుకు ఎదురుగా రంధ్రం ఉంచాలి, గాలి ఆడటానికి చీలికలు ఉంచాలి. రేకును ఛాసిస్‌కు వెల్డు చేయనివ్వొద్దు, బోల్టులతోనే బిగించాలి. రేకు వంగితే విప్పి సుత్తితో సరిచేసుకోవచ్చు.

నాలుగోది చాలామందికి తెలియనిది. డిఫరెన్షియల్ హౌసింగ్ పైన చిన్న గాలిగొట్టం ఉంటుంది, మెకానిక్కులు బ్రీదర్ అంటారు. బాట మీద వేడెక్కిన హౌసింగ్ వంకలోని చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ లాగుడికి నీళ్లు లోపలికి పోతాయి. ఆయిల్ పాలరంగుకు మారి నెలల తర్వాత బేరింగులు తినేస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. బ్రీదర్‌కు మీటరు రెండు మీటర్ల డీజిల్ గొట్టం తగిలించి, బానెట్ లోపలి ఎత్తుకు తెచ్చి, చివర చిన్న ఫిల్టర్ పెడితే సరిపోతుంది. ఖర్చు కొన్ని వందలు. ఈ ఒక్క పని చేయించుకున్నవాడిని చూస్తే బండి గురించి నిజంగా చదువుకున్నాడని నాకు గౌరవం కలుగుతుంది.

లాగుడు సామాను కూడా ఈ కోవలోదే. ముందు వెనక ఛాసిస్‌కు గట్టిగా బిగించిన కొక్కీలు, బండి బరువుకు రెండింతలు తట్టుకునే తాడు, రెండు డీ షాకిళ్లు, పార, జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క. తాడు లాగుతున్నప్పుడు దాని నడిమిమీద తడి గోనెసంచి వేయండి, తెగితే ఎగిరి కొట్టకుండా ఆపుతుంది. తాడు వరసలో మనుషుల్ని నిలబడనివ్వొద్దు. ట్రెయిలర్ తగిలించే గుండుకు తాడు కట్టి లాగొద్దు, అది విరిగి తుపాకీ గుండులా వచ్చిన ప్రమాదాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

ఇక ఏం చేయకూడదో చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. ముందు బిగించే ఇనుప బుల్ బార్లపై చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఆ ఇనుము దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ పనిని చెడగొట్టవచ్చు, ఎదురుగా ఉన్న పాదచారిని మరీ ఘోరంగా గాయపరుస్తుంది. నాలుగంగుళాల లిఫ్ట్ కిట్టూ ఇంతే. ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకిపోతుంది, గుట్ట పక్కవాలులో బోర్లా పడటానికి దగ్గరవుతారు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజున మీకు అడ్డు నిలబడుతుంది. నలుగురిలో వేరుగా కనిపించాలన్న కోరిక తప్పేం కాదు, పాతికేళ్ల వయసులో అది సహజం. కానీ ఆ కోరిక తీర్చుకోవడానికి మీ ప్రాణాన్నీ పక్కవాడి ప్రాణాన్నీ పెట్టుబడి చేయకండి.

బండి సిద్ధమైంది. డ్రైవరు సంగతి?

అహోబిలం పోయినవాళ్లకు పావన నరసింహస్వామి దారి తెలుసు. నల్లమలలో బండరాళ్ల మీదుగా జీపులు పోతాయి. శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి గుడికి పోయే దారీ అంతే. ఆ జీపులు ఎప్పటివో, వాటికి మెరుపులు లేవు, ఖరీదైన సామాను లేదు. నిండా జనం. నడిపేవాళ్ల చేతులు చూడండి. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి చుట్టరు, పైనే ఆనిస్తారు. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగితే లోపల ఉన్న వేలు విరుగుతుంది కాబట్టి. దిగుడులో మొదటి గేరు వేసి ఇంజన్ మీదే బండిని ఆపుకుంటూ దిగుతారు, క్లచ్ మీద కాలు ఉంచరు. పెద్ద రాయి ఎదురైతే దాన్ని రెండు చక్రాల నడుమ పోనివ్వరు, ఒక చక్రాన్ని నెమ్మదిగా దానిమీదికే ఎక్కిస్తారు. నడుమ పోనిస్తే పొట్టకు తగులుతుందని వాళ్లకు తెలుసు. ఎక్కడా తొందర ఉండదు. మన ఖరీదైన మార్పులన్నీ ఆ ఓపికకు ప్రత్యామ్నాయాలే. ఆ ఓపికే చేతికొస్తే సగం మార్పులు అక్కర్లేదు.

దాన్ని నేర్చుకోవడానికి ఖర్చు డీజిలే. మీ సొంత పొలం బాటనే ఎంచుకోండి. మొదట దిగి నడవండి. చక్రం ఎక్కడ పడాలో కాలితో తొక్కి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక స్నేహితుణ్ని ముందు నిలబెట్టి, అతని చేతి సైగ మాత్రమే చూస్తూ మనిషి నడక వేగంతో పోనివ్వండి. నలుగురు నాలుగు మాటలు అరుస్తుంటే బండి ఆపేయండి, సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. టూ వీల్ డ్రైవ్ బొలెరోలో వెనక ఒక చక్రం గాల్లోకి లేచి ఊరకే తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేక్ ఒకటి రెండు పళ్లు లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి, నేలమీదున్న రెండో చక్రానికి కొంత బలం అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఇరుక్కున్న తర్వాత లీవర్ వెతుక్కోవడం కాదు, బాట చెడకముందే వేసుకోవాలి. గట్టి తారు రోడ్డు రాగానే తీసేయాలి.

వెనక్కి తిరిగి రావడం కూడా సాధన చేయండి. వంక నిండుగా పారుతుంటే, రంగు మారి అడుగు కనిపించకుండా ఉంటే, దాటొద్దు. ఎంత పెద్ద బండైనా పారే నీళ్లలో టైర్లు తేలాయంటే దాని బరువుకు విలువ లేదు. నిలవనీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగి ఇంజన్ మొత్తం పోతుంది. పక్కనున్న స్నేహితులు "పోనీరా, ఏం కాదు" అంటారు. వాళ్ల మాటకు తలూపడం తేలిక. "ఇవాళ వద్దురా" అని రివర్స్ గేరు వేయడానికే గుండె కావాలి. ఆ మాట ఒకసారి అనగలిగినవాడు రేపు అప్పు దగ్గర, వ్యాపారం దగ్గర, చెడు స్నేహం దగ్గర కూడా అనగలుగుతాడు.

బాట మీది కాదని కూడా గుర్తుంచుకోండి. డ్రిప్ పైపుల మీదుగా, వేసిన గట్టు మీదుగా బండి ఎక్కిస్తే ఒక రైతు కష్టం పోతుంది. అమెరికాలో అటవీశాఖ 1985లో నేలమీద తేలికగా నడవమనే ప్రచారం మొదలుపెట్టింది, ఆఫ్‌రోడ్ బండ్లు అడవి బాటల్ని పాడుచేస్తున్నాయనే. మనకు పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. అనుమతి లేకుండా అందులోకి బండి తోలడం నేరం. ఏనుగులు ఇప్పుడు సోమల వైపు పొలాల దాకా వస్తున్నాయి. 2025 మేలో కర్ణాటక నుంచి తర్ఫీదిచ్చిన కుంకీ ఏనుగుల్ని తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో పెట్టాల్సి వచ్చిందంటే సమస్య ఎంతవరకు వచ్చిందో అర్థం చేసుకోండి. చీకటి పడ్డాక అడవి అంచు బాటల్లో సాహసాలు పెట్టుకోవద్దు. మంద ఎదురైతే ఆపి, హారన్ కొట్టకుండా, హైబీమ్ వేయకుండా మెల్లగా వెనక్కి తీసుకోండి.

బాట నుంచి ఇంటికొచ్చిన రోజు తాళం తీసి లోపలికి పోకండి. బండి కింద నీళ్లు కొట్టండి, బ్రేకు డ్రమ్ముల్లో చేరిన బురదను వదిలించండి. చక్రాల నట్లు పానాతో ఒకసారి బిగించి చూడండి. డిఫరెన్షియల్ ఆయిల్ పాలరంగుకు తిరిగిందేమో బోల్టు వదులు చేసి చుక్క రాలనివ్వండి. గ్రీజు నిపిళ్లున్న ప్రతి చోటా గ్రీజు కొట్టించండి. ఆ రోజు ఏం తగిలింది, ఎక్కడ శబ్దం వచ్చింది, ఏం మార్చారు, ఎంతయింది, తారీఖు వేసి ఒక నోటుబుక్కులో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టండి. ఏడాది తర్వాత తర్వాతి ఖర్చు దేనిమీద పెట్టాలో ఆ బుక్కు చూసి నిర్ణయించండి, స్నేహితుడి బండిని చూసి కాదు.